జోడుపై నిలిచిన పేరు : చక్ టెయిలర్ జీవితము

లోకములో మానవుని పేరు నిలుచుటకు మార్గములు పెక్కులు గలవు. ధవళేశ్వరమువద్ద గోదావరి ఆనకట్టను చూచినవారు కాటన్ దొరను తలంచుకొందురు. తెలుగు నిఘంటువును తెరచినవారు బ్రౌను దొరను స్మరింతురు. ఊరిలో బావి త్రవ్వించిన పుణ్యాత్ముని పేరు ఆ నీరు త్రాగువారి నోట తరతరములు నిలుచును. అయితే అమెరికా దేశమున ఒక మనుష్యుని పేరు గ్రంథముపైనను గాక, కట్టడముపైనను గాక, ఒక కేన్వాసు జోడుపై నిలిచినది. ఆ జోడు చీలమండను తాకుచోట గుండ్రని అతుకొకటి యుండును. దాని నడుమ ఒక నక్షత్రము, ఆ నక్షత్రము మీదుగా చేవ్రాలువలె ఒక పేరు కనబడును. ఆ పేరు చక్ టెయిలర్.

మన దేశములో పాదరక్షను తక్కువగా చూచుట వాడుక. దానిని గడపకు వెలుపలనే విడుతుము. అయినను రాముని పాదుకలను శిరస్సున ధరించి, సింహాసనముపై నుంచి, పదునాలుగేండ్లు రాజ్యభారమును వహించిన భరతుని కథ తెలియనివారు లేరు. ఆ పాదుకలకు గౌరవము వానిని ధరించిన మహానుభావునివలన వచ్చినది. ఈ అమెరికా జోడునకు గౌరవము దానిని ఊరూరికి మోసికొనిపోయినవానివలన వచ్చినది. వింత యేమనగా, లోకము ఆ జోడును ఎరుగును, దానిపైని పేరును ఎరుగును, ఆ పేరుగల మనుష్యుని మాత్రము ఎరుగదు. అది ఒక వ్యాపారచిహ్నమనియు, అట్టివాడు నిజముగా జీవించియుండలేదనియు తలంచినవారును కలరు. మరికొందరు ఆ జోడును కనిపెట్టినవాడే టెయిలర్ అని తలంతురు. ఈ రెండును పొరపాటులే. అతడు జీవించినవాడు, జోడును కనిపెట్టినవాడు కాడు. అతడు చేసిన పని వేరు.

చార్లెస్ హోలిస్ టెయిలర్ 1901వ సంవత్సరము జూను 24వ తేదీన ఇండియానా రాష్ట్రములోని బ్రౌన్ కౌంటీ అను పల్లెప్రాంతమున జన్మించెను. చార్లెస్ అను పేరుగలవారిని అమెరికనులు ముద్దుగా చక్ అని పిలుచుట వాడుక. అతనికిని ఆ పేరే స్థిరపడెను. అతడు ఏ ఆటవలన ప్రసిద్ధి గాంచెనో ఆ ఆట అతనికంటె పదేండ్లు మాత్రమే పెద్దది. కావున ఆ ఆట పుట్టుకను కొంచెము తెలిసికొనుట అవసరము.

మసాచుసెట్స్ రాష్ట్రములో స్ప్రింగ్‌ఫీల్డ్ అను పట్టణము గలదు. అచ్చట వై. ఎం. సి. ఏ. వారి శిక్షణ కళాశాల యుండెను. అచ్చటి శీతకాలమున బయట మంచు కురియుచుండుటచే విద్యార్థులకు ఆటలు సాగకుండెను. నాలుగు గోడల నడుమ ఆడదగిన ఆట నొకదానిని కల్పింపుమని లూథర్ గ్యులిక్ అను పెద్ద ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ అను యువ ఉపాధ్యాయుని నియోగించెను. నైస్మిత్ కెనడా దేశములో 1861లో జన్మించినవాడు. అతడు పీచి పండ్ల బుట్టలు రెంటిని తెప్పించి, వ్యాయామశాలకు ఇరుప్రక్కల పది అడుగుల ఎత్తున కొట్టించి, వానిలో బంతిని వేయుటయే గెలుపుగా నిర్ణయించి, పదమూడు నియమములను వ్రాసెను. 1891 డిసెంబరు 21వ తేదీన పదునెనిమిదిమంది విద్యార్థులు ప్రక్కకు తొమ్మిదిమందిగా చీలి తొలి ఆట ఆడిరి. ఆ దినమున బుట్టలో పడిన బంతి ఒక్కటే. బుట్టలో బంతి వేయు ఆట గనుక దానికి బాస్కెట్‌బాల్ అను పేరు కలిగెను. పిమ్మట జట్టునకు ఐదుగురు చాలునను నియమము స్థిరపడెను.

ఈ ఆట ఇండియానా పల్లెలకు ప్రాణమైనది. అందులకు కారణములు తేటగా నున్నవి. అమెరికా ఫుట్‌బాలునకు జట్టుకు పదకొండుగురు కావలయును. చిన్న ఊరి బడిలో అంతమంది బలమైన బాలురు దొరకరు. బాస్కెట్‌బాలునకు ఐదుగురు చాలును. పంటలు ఇంటికి చేరిన పిదప శీతకాలమున రైతుకుటుంబములకు తీరిక కలుగును. సాయంకాలము ఊరివారందరు బడిలోని వ్యాయామశాలకు చేరి తమ బిడ్డల ఆటను చూచుట అచ్చట పండుగవంటిది. మన పల్లెలలో వెన్నెలరాత్రుల చెడుగుడు పందెములకు ఊరు ఊరంతయు కదలివచ్చినట్లే అచ్చట ఈ ఆటకు కదలివచ్చెడివారు. 1911 నుండి రాష్ట్రములోని బడులన్నిటికిని కలిపి పోటీలు సాగసాగెను. ఊరి గౌరవము ఆ పోటీలపై నిలిచియుండెను.

అట్టి వాతావరణమున టెయిలర్ పెరిగెను. కొలంబస్ అను పట్టణములోని ఉన్నత పాఠశాలలో చదువుచు ఆ పాఠశాల జట్టునకు నాయకుడయ్యెను. 1919లో చదువు ముగియు సంవత్సరముననే, ఇంకను పదునెనిమిదేండ్లు నిండకుండగనే, వేతనము తీసికొని ఆడు జట్టులో ప్రవేశించెను. అయితే ఆ దినములలో ఆటను జీవనాధారముగా చేసికొనుట సులభము కాదు. నేటివలె గొప్ప సంఘములు, గొప్ప జీతములు లేవు. కర్మాగారములవారు తమ పనివాండ్రలో ఆడగలవారిని కూర్చి జట్టులు నడుపుచుండిరి. ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ నగరమున ఫైర్‌స్టోన్ రబ్బరు కంపెనీవారి జట్టులో టెయిలర్ కొంతకాలము ఆడెను.

ఆక్రన్ రబ్బరు నగరము. టెయిలర్ బ్రదుకునకు రబ్బరుతో ముడి అచ్చటనే పడినదనవచ్చును. పచ్చి రబ్బరు ఎండకు కరగి అంటుకొనును. చలికి బిగిసి పగులును. దానిని గంధకముతో కలిపి కాచినయెడల ఎండకును చలికిని చెడక సాగుడుగుణము నిలుపుకొనునని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. 1844లో ఆ పద్ధతికి హక్కుపత్రము పొందెను. అయినను వ్యాజ్యములచేతను అప్పులచేతను క్రుంగి 1860లో ఋణగ్రస్తుడై మరణించెను. అతడు చనిపోయిన ముప్పదియెనిమిదేండ్లకు, 1898లో, అతని కుటుంబముతో సంబంధము లేని వర్తకులు ఆక్రన్ నగరముననే కంపెనీ స్థాపించి దానికి గుడ్‌ఇయర్ పేరు పెట్టిరి. చక్రములపై అతని పేరు లోకమంతయు తిరుగుచున్నది; అతనికి దానివలన ఒక్క కాసును ముట్టలేదు. పేరొకచోట, ఫలమొకచోట నుండుట ఈ రబ్బరు వ్యాపారమున టెయిలర్‌తో మొదలైన సంగతి కాదు.

రబ్బరు అడుగును గుడ్డ పైభాగమును గల జోళ్లు పందొమ్మిదవ శతాబ్దిలోనే పుట్టినవి. తోలుజోడు నున్నని కొయ్యనేలపై జారును; రబ్బరు అడుగు నేలను పట్టుకొనును. పైగా నడచునప్పుడు చప్పుడు చేయదు. బాస్కెట్‌బాల్ ఆటలో పరుగెత్తుచు హఠాత్తుగా ఆగవలయును, ప్రక్కకు తిరుగవలయును, పైకెగిరి దిగవలయును. కావున ఆ ఆటకు రబ్బరు అడుగే తగినది.

మసాచుసెట్స్ రాష్ట్రములోని మాల్డెన్ పట్టణమున మార్క్విస్ మిల్స్ కన్వర్స్ అను వర్తకుడు 1908లో ఒక రబ్బరు జోళ్ల కంపెనీ స్థాపించెను. మొదట అచ్చట తయారైనవి మంచులోను బురదలోను తొడుగుకొను రబ్బరు జోళ్లు. వానికి గిరాకి చలికాలముననే. వేసవి రాగానే పని తగ్గును; పనివాండ్రకు పస్తులు వచ్చును. సంవత్సరము పొడుగునను పని కల్పించుటకై కంపెనీవారు ఆటల జోళ్లు చేయ మొదలిడిరి. 1917లో బాస్కెట్‌బాల్ ఆటకై ప్రత్యేకముగా ఒక జోడు చేసి దానికి ఆల్ స్టార్ అని పేరిడిరి. అడుగు రబ్బరు, పైభాగము చీలమండలను కప్పునంత ఎత్తుగల గట్టి కేన్వాసు, వ్రేళ్లకు రక్షణగా ముందు రబ్బరు తొడుగు. ఇదియే ఆ ప్రసిద్ధమైన జోడునకు పుట్టుక. అప్పటికి టెయిలర్ పాఠశాల విద్యార్థి. ఆ జోడునకును అతనికిని ఏ సంబంధమును లేదు.

1921-22 ప్రాంతమున టెయిలర్ చికాగో నగరమునకు వచ్చి కన్వర్స్ కంపెనీలో జోళ్లు అమ్ము ఉద్యోగమున చేరెను. అప్పటికి అతనికి ఇరువదియేండ్లు మించి కొద్దిగా. ఆటగానిగా అతడు గొప్ప కీర్తి పొందినవాడు కాడు. చదువు ఉన్నత పాఠశాలతో ముగిసినది. ఆస్తి లేదు. అయితే అతనికి ఆట తెలియును. ఆడువాని పాదము నొచ్చుచోటు తెలియును. అన్నిటికంటె ముఖ్యముగా, పల్లెటూరి బడిలో ఆట నేర్పువాని కష్టము తెలియును. ఈ మూడును అతని పెట్టుబడి.

తాను తొడుగుకొని ఆడిన జోడు గనుక దానిలోని లోపములను అతడు కంపెనీవారికి తెలిపెను. పాదము ఇంకను సులువుగా వంగవలయుననియు, చీలమండకు ఆసరా హెచ్చవలయుననియు సూచించెను. కంపెనీవారు విని మార్పులు చేసిరి. చీలమండ ఎముకకు దెబ్బ తగులకుండ లోపలిప్రక్క గుండ్రని అతుకు వేసి, దానిపై నక్షత్రమును ముద్రించిరి. రక్షణకై వేసిన ఆ అతుకే కాలక్రమమున ఆ జోడునకు తిలకమైనది.

అయితే టెయిలర్ యొక్క అసలు పని కర్మాగారములో జరిగినది కాదు, దారిపొడుగునను జరిగినది. 1922లో ఉత్తర కెరొలీనా రాష్ట్ర కళాశాలలో అతడు ఆటను నేర్పు తరగతి నొకదానిని నడపెను. క్లినిక్ అను పేరుతో నడచిన ఇట్టి తరగతులను ఆ పిమ్మట నలుబదియేండ్లకు పైగా అమెరికా దేశమంతట నడపుచుండెను. ఆ పద్ధతి గమనింపదగినది. కారు వెనుకపెట్టెలో జోళ్లు నింపుకొని అతడు ఒక చిన్న ఊరికి పోవును. మొదట అచ్చటి బడిలో ఆట నేర్పు ఉపాధ్యాయుని దర్శించును. అతని అనుమతితో పిల్లలను వ్యాయామశాలలో కూర్చును. ఊరివారును వచ్చి చూతురు. బంతిని అందించుట, అందుకొనుట, బుట్టకు గురిచూచుట, ప్రత్యర్థిని ఏమార్చుట మొదలగునవి ఒక్కొక్కటిగా చేసి చూపును. చూపు ఒకవైపు నిలిపి బంతిని మరియొకవైపు పంపుటలో అతడు నేర్పరి. అది చూచి పిల్లలు ఆశ్చర్యపోయెడివారు.

ఇందులో రెండు నియమములను అతడు తప్పలేదు. మొదటిది, ఆ ఊరి ఉపాధ్యాయుని పద్ధతిలో జోక్యము కలుగజేసికొనకుండుట. పట్నమునుండి వచ్చిన నిపుణుడు ఊరివాని లోపములను పదిమందిలో ఎత్తిచూపినచో, నిపుణుడు మరునాడు వెడలిపోవును గాని ఊరివాని గౌరవము తిరిగిరాదు. ఈ సూక్ష్మమును టెయిలర్ ఎరిగియుండెను. రెండవది, ఆ ఊరి ఆటవస్తువుల వర్తకునితో కలిసి పనిచేయుట. జోళ్లు కావలసినవారిని ఆ వర్తకునివద్దకే పంపును. కావున అతడు వచ్చినచో ఉపాధ్యాయునకు ఉత్సాహము, పిల్లలకు విద్య, వర్తకునకు వ్యాపారము కలిగెను. తన కంపెనీకి లాభము అన్నిటికంటె కడపట కలిగెను; కాని తప్పక కలిగెను.

ఇది ఉపాయమే యనువారు కలరు. నిజమే. అతడు సన్న్యాసి కాడు; జోళ్లు అమ్ముట అతని ఉద్యోగము. విద్యాదానము ముసుగున వర్తకము చేసెనని కొందరు తలంపవచ్చును. అయితే జోడు కొననివానికిని ఆ పాఠము అందినది. ఆ కాలమున దూరపు పల్లెలోని బాలునకు గొప్ప ఆటను చూచు అవకాశము లేదు. చలనచిత్రములు అరుదు, టెలివిజను లేదు. పుస్తకములో చదివిన యెత్తును కండ్లయెదుట చేసి చూపువాడు ఊరికి వచ్చుట సామాన్యమైన మేలు కాదు. అమ్మువాని కోరికయు నేర్చువాని అవసరమును ఒకచోట కలిసినప్పుడు, అమ్మకము మాత్రమే మిగులునా, విద్యయు మిగులునా అనునది ఆ మనుష్యుని నడవడిపై ఆధారపడియుండును. టెయిలర్ పోయినచోటనెల్ల విద్య మిగిలెను.

గ్రంథాలయమునకు సంబంధించిన సంగతి యొకటి ఇచ్చట చెప్పదగియున్నది. 1922 నుండి కన్వర్స్ కంపెనీవారు బాస్కెట్‌బాల్ వార్షికసంచిక నొకదానిని ప్రకటింపసాగిరి. ఇందులో దేశమునందలి బడుల జట్టులు, కళాశాలల జట్టులు, వాని ఛాయాచిత్రములు, ఆ యేటి విశేషములు, ఆట నేర్చుకొను మెలకువలు ప్రకటింపబడుచుండెను. 1932 నుండి కళాశాలల ఆటగాండ్రలో ఉత్తములను టెయిలర్ తానే ఏరి ఆ సంచికలో ప్రకటించుచుండెను. ఊరూర తిరిగి కన్నులార చూచినవాడు గనుక అతని ఎంపికకు విలువ యుండెను. జోళ్లు అమ్ముటకు పుట్టిన ఆ సంచిక ఆరు దశాబ్దములు సాగి, ఆ ఆట చరిత్ర వ్రాయువారికి నేడు ఆధారగ్రంథమైనది. జోళ్లు అరిగిపోయినవి, సంచికలు నిలిచినవి.

టెయిలర్ పలుకుబడి అంతటితో నిలువలేదు. ఏ ఊరి బడికి మంచి ఉపాధ్యాయుడు కావలయునన్నను, ఏ ఉపాధ్యాయునకు ఉద్యోగము కావలయునన్నను అతనికి కబురు పోవును. ఎవరు ఎచ్చట నున్నారో, ఎవరి యోగ్యత ఎట్టిదో అతనికి తెలిసినట్లు మరియొకనికి తెలియదు. అట్లు అతని మాటపై బ్రదుకుతెరువు దొరకినవారు పలువురు.

కంపెనీ చరిత్ర మాత్రము సుగమముగా సాగలేదు. 1929లో స్థాపకుడైన కన్వర్స్ చేతినుండి కంపెనీ జారిపోయెను. ఆర్థికమాంద్యము దేశమును పీడించిన ఆ రోజులలో అది చేతులు మారి, తుదకు 1933లో స్టోన్ అను కుటుంబమువారి పాలయ్యెను. యజమానులు మారినను టెయిలర్ మారలేదు; అతని కారు ఆగలేదు. ఆ జోడును జనులు చక్ టెయిలర్ జోడనియే అడుగసాగిరి. 1934 నాటికి కంపెనీవారు నక్షత్రపు అతుకుపై అతని చేవ్రాలును చేర్చిరి. ఒక ఆటగాని పేరుతో జోడు అమ్ముట నేడు సర్వసామాన్యము. అట్టివానిలో ఇది మొదటివానిలోని దని చెప్పవచ్చును. అయితే నేటివారికిని అతనికిని భేదము కలదు. నేటివారు ఆటలో సంపాదించిన కీర్తిని జోడునకు అరువిత్తురు. టెయిలర్ కీర్తిమంతుడై జోడుపైకి ఎక్కలేదు. అతని శ్రమను చూచి పేరు చేరినది.

1936లో బెర్లిను నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్‌బాల్ తొలిసారి పోటీక్రీడగా చేరెను. ఆ క్రీడలకై ఎఱ్ఱని, నీలపు గీతలు గల తెల్లని ఆల్ స్టార్ జోళ్లు తయారయ్యెను. తుది ఆట ఆరుబయట మట్టినేలపై జరిగెను. వాన కురిసి నేల బురదయై బంతి ఎగురకుండెను. అట్టి స్థితిలోనే అమెరికా జట్టు కెనడా జట్టును 19-8 తో ఓడించెను. ఆటను కల్పించిన నైస్మిత్, అప్పటికి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు, ఆ క్రీడలకు పోయి తన బిడ్డవంటి ఆట లోకమంతటికిని చెందుటను కన్నులార చూచెను. అతడు 1939లో స్వర్గస్థుడయ్యెను.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలకును మన దక్షిణదేశమునకును సంబంధము గలదు. అచ్చట చదివిన హారీ క్రో బక్ అను వ్యాయామవిద్యావేత్త 1920లో మద్రాసునందు వై. ఎం. సి. ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. ఆంధ్ర జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. ఇట్టి విద్యాలయముల మూలముననే బాస్కెట్‌బాల్ మన దేశపు బడులలో వ్యాపించినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున టెయిలర్ సైనికుల వ్యాయామమునకును ఆటలకును తన అనుభవమును వినియోగించెను. 1944-45 లో ఒహాయో రాష్ట్రమునందలి రైట్ ఫీల్డ్ వైమానిక స్థావరమున ఎయిర్-టెక్స్ అను జట్టునకు శిక్షకుడుగా నుండెను. సైనికులు వ్యాయామమునకు తొడుగుకొనిన జోళ్లలో ఆల్ స్టార్ ముఖ్యమైనది. యుద్ధము ముగిసి ఇండ్లకు మరలినవారు తమ బిడ్డలకును అవియే కొనిపెట్టిరి.

ఆ పిమ్మటి ఇరువదియేండ్లు ఆ జోడునకు మహర్దశ. బడిపిల్లలు మొదలుకొని వృత్తిక్రీడాకారులవరకు అందరి పాదములకును అదియే. 1962 మార్చి 2వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని హెర్షీ పట్టణమున విల్ట్ చాంబర్లేన్ అను ఆజానుబాహుడు ఒక్క ఆటలోనే నూరు పాయింట్లు సాధించి ఆశ్చర్యము కలిగించెను. ఆనాడు అతని పాదములకున్నవియు కన్వర్స్ జోళ్లే. మొదట ఎత్తు జోడుగా మాత్రమే యున్న ఆల్ స్టార్ 1957లో చీలమండక్రిందికి పొట్టి జోడుగాను వచ్చెను. నలుపు తెలుపులు తప్ప ఎరుగని జోడు 1960వ దశాబ్ది చివరకు పలురంగులు దాల్చెను.

ఇంత వ్యాపారము జరుగుచుండగా ఆ పేరుగలవానికి ముట్టినదేమి? జతకు ఇంత యని అతనికి భాగము లేదు. అతడు జీతగాడు. కంపెనీవారిచ్చు జీతము, ప్రయాణపు ఖర్చులు - ఇంతియే. ఖర్చుల విషయములో కంపెనీవారు అతనికి చేయి పట్టలేదు. అతడును ధారాళముగానే వాడుకొనెను. మంచి కారు, మంచి బట్టలు, మంచి హోటళ్లు అతనికి కొరవడలేదు. కాని ఏండ్లతరబడి అతనికి స్థిరమైన ఇల్లు లేదు. హోటలు గదియే ఇల్లు, కారు పెట్టెయే కొట్టు. పేరు లక్షల పాదములకు చేరినది. ఆ పేరుగలవాడు ఒకచోట నిలిచి కాపురము చేసిన దినములు తక్కువ.

మహనీయుల చరిత్రలు చెప్పునప్పుడు గుణములను మాత్రమే చెప్పుట న్యాయము కాదు. టెయిలర్ తన యౌవనమున ఆనాటి ప్రసిద్ధ జట్టులైన ఒరిజినల్ సెల్టిక్స్, బఫెలో జర్మన్స్ అనువానిలో ఆడితినని చెప్పుకొనుచుండెను. పిమ్మట పరిశోధించినవారికి అందులకు ఆధారము దొరకలేదు. అమ్ముట వృత్తియైనవానికి తన్నును కొంత అలంకరించి చెప్పుకొను అలవాటు కలుగుట వింత కాదు. అయినను అది లోపమే. అందులో విచారింపదగినది మరియొకటి కలదు. అతడు ఆడనిదానిని ఆడితినని చెప్పుకొననక్కరలేకుండెను. నలుబదియేండ్లు చేసిన పని, వేలకొలది పిల్లలకు నేర్పిన పాఠము, ఆ కల్పనలకంటె గొప్పవి. తన నిజమైన గొప్పతనమెచ్చట నున్నదో మనుష్యునికి తనకే తెలియకపోవుట లోకములో తరచుగా జరుగుచుండును.

1968లో టెయిలర్ ఉద్యోగమునుండి విరమించెను. 1969లో స్ప్రింగ్‌ఫీల్డునందలి నైస్మిత్ స్మారక కీర్తిమందిరమున అతనికి స్థానము లభించెను. ఆటగానిగా గాక, ఆట అభివృద్ధికి పాటుపడినవానిగా ఆ గౌరవము దక్కుట ఉచితముగా నున్నది. ఆ సంవత్సరముననే జూను 23వ తేదీన, అరువదియెనిమిదవ జన్మదినమునకు ఒక్క దినము ముందు, ఫ్లారిడా రాష్ట్రములోని పోర్ట్ షార్లెట్‌నందు గుండెపోటుతో అతడు మరణించెను.

అతడు పోయిన పిదప ఆ జోడు దశయు మారినది. 1970వ దశాబ్దిలో తోలు జోళ్లు వచ్చెను. పాదమునకు అవి మరింత ఆసరా నిచ్చుటచే వృత్తిక్రీడాకారులు కేన్వాసును విడిచిరి. ఆటస్థలమునుండి తొలగిన ఆల్ స్టార్ మాత్రము నశింపలేదు. విద్యార్థులు, గాయకులు, చిత్రకారులు, ఆటతో సంబంధము లేని యువజనులు దానిని తొడుగుకొనసాగిరి. దాని వెల తక్కువ, రూపము సరళము; ధనికునకును పేదకును ఒకేవిధముగా నుండును. అయినను కంపెనీ అప్పులపాలై 2001లో దివాలా తీసెను. ఆ సంవత్సరముననే అమెరికాలోని దాని కర్మాగారము మూతపడి జోళ్ల తయారీ విదేశములకు తరలెను. 2003లో నైకీ అను కంపెనీ దానిని 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను.

ఆ ధనము దేనికి వెల? కర్మాగారము అప్పటికే మూతపడినది. జోడునందు దాచదగిన రహస్యము లేదు. రబ్బరు, కేన్వాసు ఎవరికైనను దొరకును. దివాలా తీసిన కంపెనీలో చెడక మిగిలిన ఆస్తి ఆ జోడుపై జనులకు గల అభిమానమే. ఆ అభిమానమునకు మూలమేది? ఒక జీతగాడు ఊరూర తిరిగి, ఊరి ఉపాధ్యాయుని గౌరవించి, పిల్లలచేత బంతి పట్టించి సంపాదించిన నమ్మకము అందులో కొంత యుండవలయును. ఆ నమ్మకములో తనకు భాగము కావలయునని అతడు పత్రము వ్రాయించుకొనలేదు. అది అమాయకత్వమా, ఔదార్యమా, తిరుగుడుపై మక్కువచే కలిగిన నిర్లక్ష్యమా యని తేల్చిచెప్పుట కష్టము. శ్రమపడినవానికి దాని ఫలములో పాలు దక్కుట న్యాయమని మాత్రము ఒప్పుకొనవలయును. గుడ్‌ఇయర్‌నకు దక్కలేదు, టెయిలర్‌నకును పూర్తిగా దక్కలేదు.

అయినను టెయిలర్ జీవితము దుఃఖకథ కాదు. గుడ్‌ఇయర్ కోరినది దొరకక క్రుంగెను. టెయిలర్ తనకు ప్రియమైన పనిని కడవరకు చేసెను. పల్లెలో పుట్టి, పల్లెబడిలో నేర్చిన ఆటను మరల పల్లెబడులకే అందించెను. గొప్ప ఆటగాడు కాలేకపోయినను ఎందరినో ఆటగాండ్రను చేసిన ఉపాధ్యాయులకు తోడుగా నిలిచెను. విద్యను ఒకచోట కూడబెట్టినంతమాత్రమున చాలదు. దానిని మోసికొని గడపగడపకు పోవువాడు కావలయును. పడవలలోను బండ్లలోను పుస్తకములను పెట్టుకొని ఊరూర తిరిగిన మన గ్రంథాలయోద్యమపు కార్యకర్తలకు ఈ సంగతి క్రొత్తది కాదు. వారిలో పెక్కుర పేరులు ఏ ఫలకముపైనను లేవు. టెయిలర్ పేరు ఒక జోడుపై నిలిచినది. పేరు నిలిచినను నిలువకున్నను, అట్టివారు నడచిన దారి వెంట విద్య నిలుచును.